ఎండోస్కోపులను శుద్ధి చేయడానికి వాడే గ్లూటరాల్డిహైడ్ (క్రిములను చంపే లిక్విడ్) మార్చాలంటున్నారు. కొత్త లిక్విడ్ మంచిదో కాదో ఎలా తేల్చాలి?

ప్రశ్న
కర్నూలు ఎండో సిస్టర్

అందరికీ నమస్తే. కర్నూలులో ఒక చిన్న గ్యాస్ట్రో సెంటర్‌లో ఎండోస్కోపీ గది బాధ్యత నాది. మా దగ్గర రెండు గ్యాస్ట్రోస్కోపులు (గొంతు గుండా కడుపు చూసేవి), ఒక కొలనోస్కోపు (పెద్దపేగు చూసేది) ఉన్నాయి. కడిగే మెషీన్ లేదు, అంతా చేత్తోనే. కేసు అవగానే బెడ్ దగ్గరే స్కోపును తుడిచి, ఛానల్‌లోకి (స్కోపు లోపలి సన్న గొట్టంలోకి) నీళ్ళు లాగించి, సింకు దగ్గరికి తెస్తాం. ఎంజైమ్ లిక్విడ్‌లో బ్రష్ వేసి కడిగి, 2 శాతం గ్లూటరాల్డిహైడ్ ట్రేలో 20 నిమిషాలు ముంచి, మళ్ళీ నీళ్ళతో కడిగి ఆరబెడతాం.

ఆదోని, ఎమ్మిగనూరు, డోన్ వైపు నుంచి తెల్లవారుజామునే బయలుదేరి పరగడుపున వచ్చే పేషెంట్లే ఎక్కువ. షుగర్ ఉన్నవాళ్ళు, ముసలివాళ్ళు ఆకలితో కూర్చుని ఉంటారు. తొందరగా కానివ్వమని వాళ్ళూ అడుగుతారు, డాక్టరు గారూ అడుగుతారు. ఆ 20 నిమిషాల మీదే ఒత్తిడంతా.

సమస్య ఏమిటంటే, గ్లూటరాల్డిహైడ్ వాసనకు నాకు కళ్ళు మండుతున్నాయి. నాతో పనిచేసే ఆయమ్మకు ఈ ఎండాకాలం నుంచి దగ్గు పట్టుకుంది. సెలవు రోజు ఇంట్లో ఉంటే బాగుంటుంది, డ్యూటీకి వస్తే మళ్ళీ మొదలవుతుంది. ఈ సంగతి చెప్పాక డాక్టరు గారు వేరే లిక్విడ్ చూద్దామన్నారు. అంతలో ఒక కంపెనీ రెప్ గులాబీ రంగు లిక్విడ్ ఒకటి తెచ్చాడు. వాసన లేదు, ధర దాదాపు సగం, 5 నిమిషాలు ముంచితే చాలు, 99.99 శాతం క్రిములు చస్తాయి, 28 రోజులు వాడుకోవచ్చు అని చెప్పాడు. "మీకు నమ్మకం కుదరకపోతే మా లిక్విడ్‌లో ముంచిన స్వాబ్‌ను మీ ల్యాబ్‌కే కల్చర్‌కు పంపి చూసుకోండి సిస్టర్, ఏమీ పెరగదు" అని కూడా అన్నాడు. పంపించాం. నిజంగానే ఏమీ పెరగలేదు.

డాక్టరు గారు నాతో, "నువ్వు రాసిస్తేనే కొంటాను సిస్టర్, నీకు నమ్మకం లేకపోతే వద్దు" అన్నారు. ఆ మాట చాలా పెద్దది. నా సంతకం మీద రేపు ఎవరి గొంతులోకో ఆ స్కోపు వెళ్తుంది. అందుకే అడుగుతున్నాను. కల్చర్ రిపోర్టు బాగున్నంత మాత్రాన ఒప్పుకోవచ్చా? ఇంకేం చూడాలి? ధర, టైము, వాసన, వీటిలో దేనికి ఎంత విలువ ఇవ్వాలి?


జవాబు
అనంతపురం స్కోప్ టెక్నీషియన్

సిస్టర్, ముందు ఆయమ్మను ఆ ట్రే దగ్గర నుంచి తప్పించండి. మిగతాదంతా తర్వాత.

మా దగ్గర గ్లూటరాల్డిహైడ్ మానేసి ఓపీఏకు (ఆర్థో-థాలాల్డిహైడ్ అనే ఇంకో క్రిమిసంహారక మందుకు) మారాం. 0.55 శాతం లిక్విడ్, వాసన దాదాపు ఉండదు, యాక్టివేటర్ కలిపే పని లేదు. చేతికి తగిలితే బూడిద రంగు మచ్చ పడుతుంది, కొన్ని రోజులు పోదు. అందుకే మోచేతి దాకా వచ్చే నైట్రైల్ గ్లౌజులు, ఏప్రాన్, కళ్ళద్దాలు తప్పనిసరి. మచ్చ పడిందంటే అక్కడ ప్రోటీన్ ఉందని అర్థం. స్కోపు చివర బూడిద మచ్చ కనిపిస్తే మనం సరిగ్గా తోమలేదని అదే పట్టిస్తుంది. మా పిల్లలకు బ్రష్ పని నేర్పడానికి నాకు ఆ మచ్చే ఎక్కువ ఉపయోగపడింది.

రెప్ తెచ్చిన డబ్బా వెనక లేబుల్‌లో అసలు మందు ఏమిటో చదివి ఇక్కడ పెట్టండి. గులాబీ రంగు, వాసన లేదు అంటే క్వాటర్నరీ అమ్మోనియం అయ్యుండొచ్చు. అదే అయితే నేల తుడవడానికి బాగుంటుంది, స్కోపుకు కాదు.


జవాబు
కడప మైక్రోబయాలజీ

సిస్టర్, మీ పోస్టు రెండుసార్లు చదివాను. మీ డాక్టరు గారు ఆ నిర్ణయం మీ చేతిలో పెట్టడం చాలా మంచి పని. రోజూ ట్రేలో చెయ్యి పెట్టే మనిషికే అసలు సంగతి తెలుస్తుంది. కొంచెం పొడుగ్గా రాస్తున్నాను, ఓపికగా చదవండి.

మొదట ఆ కల్చర్ సంగతి. స్వాబ్‌ను లిక్విడ్‌లో ముంచి మీడియా (ల్యాబ్‌లో బ్యాక్టీరియాను పెంచే పదార్థం) మీద రాస్తే, స్వాబ్‌తో పాటు ఆ మందు కూడా ప్లేట్ మీదికి వస్తుంది. బ్యాక్టీరియా బతికే ఉన్నా ఆ మందు దాన్ని పెరగనివ్వదు. మీకు 'నో గ్రోత్' అని రిపోర్టు వస్తుంది. అందుకే మేము ల్యాబ్‌లో క్రిమిసంహారక మందును పరీక్షించేటప్పుడు న్యూట్రలైజర్ వాడతాం. అంటే మందు పనిని సరిగ్గా గడువు దగ్గర ఆపేసే పదార్థం. గ్లూటరాల్డిహైడ్‌కు గ్లైసిన్ లాంటివి, చాలా మందులకు కలిపి డై-ఎంగ్లీ బ్రాత్ వాడతారు. ఆ న్యూట్రలైజర్ నిజంగా మందును ఆపుతోందా, అదే బ్యాక్టీరియాను చంపడం లేదు కదా అని విడిగా చూసుకున్నాకే లెక్క మొదలవుతుంది. ఇవేవీ లేకుండా వచ్చిన నో గ్రోత్ రిపోర్టుకు విలువ లేదు. మీ ల్యాబ్ వాళ్ళ తప్పు కూడా కాదు, వాళ్ళకు అడిగిన పని వాళ్ళు చేశారు.

ఇక 99.99 శాతం. వినడానికి నూటికి నూరు లాగే ఉంటుంది. లెక్క వేసి చూడండి. కొలనోస్కోపీ అయ్యాక ఛానల్‌లో పది కోట్ల బ్యాక్టీరియా ఉండటం పెద్ద విషయం కాదు, అంతకంటే ఎక్కువ కూడా ఉంటాయి. వాటిలో 99.99 శాతం చస్తే ఇంకా పది వేలు బతికే ఉంటాయి. మేము దీన్ని 4 లాగ్ తగ్గడం అంటాం, ఒక్కో లాగ్ అంటే పదో వంతుకు దిగడం. స్కోపులకు హై లెవల్ డిసిన్ఫెక్షన్ (దాదాపు క్రిములన్నీ చచ్చే స్థాయి శుద్ధి) అని పేరు పెట్టుకోవాలంటే అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ అడిగేది టీబీ జాతి బ్యాక్టీరియా మీద 6 లాగ్, అంటే పది లక్షల్లో ఒకటి మాత్రమే మిగలాలి. యూరప్ ప్రమాణాల్లో మామూలు బ్యాక్టీరియాకు 5 లాగ్ కావాలి, అది ఈఎన్ 13727. టీబీ జాతికి 4 లాగ్, అది ఈఎన్ 14348. రెండు చోట్లా పద్ధతులు వేరు కాబట్టి అంకెలు పక్కపక్కన పెట్టి పోల్చకండి. ఏ క్రిమి మీద చూశారన్నదే ముఖ్యం.

ఎందుకు టీబీ జాతినే పట్టుకుంటారంటే, దాని గోడలో మైనం లాంటి కొవ్వు ఉంటుంది, మందు లోపలికి తేలిగ్గా దిగదు. దాన్ని చంపగలిగిన మందు మామూలు బ్యాక్టీరియాను, ఫంగస్‌ను, హెపటైటిస్ బి, హెచ్‌ఐవీ లాంటి వైరస్‌లను కూడా చంపుతుంది. బ్యాక్టీరియా స్పోర్లు (గట్టి పెంకుతో నిద్రపోతున్నట్టు ఉండే రూపాలు) మాత్రం దానికంటే మొండివి. స్పాల్డింగ్ అనే శాస్త్రవేత్త చేసిన వర్గీకరణ ప్రకారం గ్యాస్ట్రోస్కోపు, కొలనోస్కోపు సెమీ క్రిటికల్ పరికరాలు. పొరను తాకుతాయి, చీల్చవు. వాటికి హై లెవల్ డిసిన్ఫెక్షన్ కనీసం ఉండాలి. బయాప్సీ ఫోర్సెప్స్ (పరీక్షకు ముక్క తీసే పట్టకారు) పొరను చీలుస్తుంది కాబట్టి అది క్రిటికల్. దాన్ని ఆటోక్లేవ్ చెయ్యాలి లేదా ఒక్కసారి వాడి పారెయ్యాలి. మన వైపు చాలా చోట్ల ఫోర్సెప్స్‌ను కూడా స్కోపు ట్రేలోనే వేసి తీసేస్తున్నారు. మీ దగ్గర అలా లేదనే అనుకుంటున్నాను, ఉంటే ఈ రోజే ఆపించండి.

కాబట్టి రెప్‌ను అడగాల్సింది ఒక్కటే. ఈ లిక్విడ్‌ను ఏ క్రిమి మీద, ఎంత గాఢతలో, ఎన్ని డిగ్రీల దగ్గర, ఎన్ని నిమిషాలు, మురికి కలిపి చూశారా కలపకుండా చూశారా, బయటి ల్యాబ్ రిపోర్టు ఏది? యూరప్ పద్ధతిలో శుభ్రమైన పరిస్థితికి లీటరుకు 0.3 గ్రాముల ఆల్బుమిన్ కలుపుతారు. మురికి పరిస్థితికి 3 గ్రాములు, దాంతో పాటు రక్తకణాలు కూడా కలుపుతారు. శుభ్రమైన పరిస్థితిలోనే పాసైన మందును మీరు అరకొరగా కడిగిన స్కోపు మీద వాడితే ఆ రిపోర్టు మీకు వర్తించదు. టీబీ జాతి మీద పరీక్ష లేకపోతే ఇంకేమీ చదవక్కర్లేదు, డబ్బా వెనక్కి పంపెయ్యండి.

ఇంకో మాట. చంపుతుందా లేదా అన్నది మీరూ నేనూ మన ఊళ్ళో తేల్చేది కాదు. మైకోబ్యాక్టీరియంతో ఆ పరీక్ష చెయ్యడానికి వేరే ల్యాబులు, వారాల సమయం కావాలి. ఆ రిపోర్టులో ఉన్న షరతులు మీ గదిలో, మీ సింకు దగ్గర, మీ నీళ్ళతో ప్రతి కేసుకూ నిలుస్తాయా అన్నదే మీరు తేల్చాల్సింది. అది నేనూ తేల్చలేను, కంపెనీవాళ్ళూ తేల్చలేరు. మీరు మాత్రమే తేల్చగలరు.


జవాబు
కర్నూలు ఎండో సిస్టర్

మేడం, చాలా థ్యాంక్స్. ఫోర్సెప్స్ మేము ఆటోక్లేవే చేస్తాం.

రెప్‌కు ఫోన్ చేసి రిపోర్టు తెప్పించుకున్నాను. ఒక్క పేజీ ఉంది. స్టెఫైలోకాకస్, ఈ.కోలై, సూడోమోనాస్ మీద చూశారు, టీబీ ఊసే లేదు. మురికి కలిపారా లేదా అన్నది రాయలేదు. లేబుల్ చూస్తే అనంతపురం అన్న చెప్పినట్టే బెంజాల్కోనియం క్లోరైడ్, అంటే క్వాటర్నరీ అమ్మోనియమే. "వైద్య పరికరాలకు" అని పెద్దక్షరాల్లో ఉంది, కింద చిన్నగా "ముందు శుభ్రతకు" అని ఉంది. నేను ఒప్పుకోనని చెప్పేశాను. అతను కొంచెం నొచ్చుకున్నాడు, కానీ ఏం చేస్తాం.

ఇప్పుడు నా ముందు ఉన్నవి ఓపీఏ, లేదంటే పెర్‌అసిటిక్ ఆసిడ్ అనే ఇంకో మందు. లేదంటే గ్లూటరాల్డిహైడ్‌నే ఉంచి గదికి ఎగ్జాస్ట్ సరిచేయడం. డాక్టరు గారు ధరల పట్టిక అడుగుతున్నారు. లీటరు ధర చూస్తే గ్లూటరాల్డిహైడే చవక. ఇంకా రెండు సందేహాలు ఉన్నాయి. మా గదిలో ఏసీ ఉంది కానీ కడిగే చోట లేదు, మే నెలలో అక్కడ నిలబడలేం. నీళ్ళు బోరువి, బకెట్‌కు తెల్లగా పేరుకుంటుంది. ఇవి మందు మీద ప్రభావం చూపిస్తాయా? ఇంకోటి, వారానికొకసారి యూరాలజీ డాక్టరు గారు వచ్చి సిస్టోస్కోపీ (మూత్రాశయం లోపల చూసే పరీక్ష) చేస్తారు. ఆ స్కోపునూ మా ట్రేలోనే ముంచుతారు. ఓపీఏ కొంటే అదే వాడుకోవచ్చా?


జవాబు
కడప మైక్రోబయాలజీ

సిస్టోస్కోపు సంగతి ముందు చెప్తాను, ఎందుకంటే ఇది ప్రాణం మీదికి వచ్చే విషయం. మూత్రాశయ క్యాన్సర్ పేషెంట్లకు ఏటా పలుమార్లు సిస్టోస్కోపీ చేస్తారు. ఓపీఏతో శుద్ధి చేసిన సిస్టోస్కోపులు వాడినప్పుడు వాళ్ళలో కొందరికి అనాఫిలాక్సిస్ (ప్రాణాంతక అలెర్జీ) లాంటి తీవ్రమైన రియాక్షన్లు వచ్చాయి. ఆ తర్వాత తయారీదారే మూత్రాశయ క్యాన్సర్ చరిత్ర ఉన్నవాళ్ళకు వాడే యూరాలజీ పరికరాలకు ఓపీఏ వద్దని లేబుల్ మీద రాసింది. వచ్చే పేషెంటుకు ఆ చరిత్ర ఉందో లేదో హడావుడిలో మీరు ప్రతిసారీ కనుక్కోలేరు. కాబట్టి సిస్టోస్కోపుకు వేరే దారి చూడమని యూరాలజీ సార్‌తో రాతపూర్వకంగా చెప్పండి.

గ్లూటరాల్డిహైడ్ వాసన ముక్కుకు తెలిసేది గాలిలో సుమారు 0.04 పీపీఎం (పది లక్షల భాగాల్లో ఎన్ని భాగాలన్న లెక్క) దగ్గర. పనిచేసే చోట ఎప్పుడూ దాటకూడదని అమెరికాలోని పారిశ్రామిక ఆరోగ్య నిపుణుల సంఘం పెట్టిన హద్దు 0.05. అంటే మీకు వాసన గట్టిగా వస్తోందంటే హద్దు దగ్గర ఉన్నారనో, దాటారనో అనుకోవాలి. ఎండ వేడికి ఆవిరి ఇంకా ఎక్కువ లేస్తుంది. డ్యూటీలో దగ్గు, సెలవులో తగ్గుదల అన్నది వృత్తి వల్ల వచ్చే ఆస్తమాకు మొదటి గుర్తు. ఆయమ్మను ఛాతీ డాక్టరుకు చూపించండి, ఎక్కడ పనిచేస్తుందో ఆ డాక్టరుకు తప్పక చెప్పమనండి. ఒకసారి ఆ గుణం ఒంటికి పట్టుకుంటే తర్వాత కొంచెం తగిలినా దగ్గు ఎగదోస్తుంది. ఈ ఒక్క కారణానికే నేను మీ గదిలో గ్లూటరాల్డిహైడ్‌కు ఓటు వెయ్యను. లీటరు ధరలో ఆమె ఊపిరితిత్తుల ఖర్చు కనపడదు.

గ్లూటరాల్డిహైడ్‌కు ఇంకో లోటు ఉంది. సరిగ్గా కడగని ప్రోటీన్‌ను అది గట్టిపరిచి ఛానల్ గోడకు అతికిస్తుంది. ఆ పొర కింద బ్యాక్టీరియా హాయిగా ఉంటుంది. పెర్‌అసిటిక్ ఆసిడ్‌కు ఆ గుణం లేదు, స్పోర్లను కూడా త్వరగా చంపుతుంది. కానీ రాగి, ఇత్తడి లాంటి లోహాలను తింటుంది, కలిపాక ఎక్కువ రోజులు నిలవదు, ఖరీదు. చేత్తో కడిగే చిన్న సెంటర్‌లో అది కష్టం. ఓపీఏ స్పోర్ల మీద బలహీనం, ప్రోటీన్‌ను కొంత అతికిస్తుంది కూడా. అయినా టీబీ జాతి మీద గ్లూటరాల్డిహైడ్ కంటే చురుకు. మీ పరిస్థితికి నేను ఓపీఏ వైపే ఉంటాను.

టైము లెక్కలో దేశానికో లేబుల్ ఉంది, జాగ్రత్త. ఓపీఏకు అమెరికా లేబుల్ 20 డిగ్రీల దగ్గర 12 నిమిషాలు, యూరప్‌లో, ఆసియాలో 5 నిమిషాలు. 2.4 శాతం గ్లూటరాల్డిహైడ్‌కు అమెరికా లేబుల్ 25 డిగ్రీల దగ్గర 45 నిమిషాలు అంటుంది. ముందు కడగడం పద్ధతిగా జరిగితే 20 డిగ్రీల దగ్గర 20 నిమిషాలు చాలని అక్కడి వైద్య సంఘాలు అంటాయి. మీరు కొన్న డబ్బా మీద ఏది ఉందో అదే గోడ మీద రాసి పెట్టండి. చేత్తో కడిగే చోట నేనైతే 5 నిమిషాల దగ్గర ఆగను, 12 ఉంచుతాను. అయినా ఇప్పటి 20 కంటే మీకు టైము మిగులుతుంది. డిసెంబరు, జనవరి పొద్దున పూట ట్రేలో లిక్విడ్ 20 డిగ్రీల కిందికి పోవచ్చు, థర్మామీటర్ ముంచి చూడండి. మేలో సమస్య తిరగబడుతుంది. వేడికి గ్లూటరాల్డిహైడ్ అణువులు ఒకదానికొకటి అతుక్కుని మందు త్వరగా బలం కోల్పోతుంది. మిద్దె మీద ట్యాంకు నుంచి వచ్చే వేడినీళ్ళతో ఎంజైమ్ లిక్విడ్ కలపకండి, ఆ డబ్బా మీదా ఉష్ణోగ్రత రాసి ఉంటుంది.

ఇక స్ట్రిప్ గురించి, అంటే ట్రేలో మందు బలం సరిపోతుందా అని రంగు మారి చూపే పట్టీ. కడిగిన స్కోపు ఎంత ఆరబెట్టినా కొంచెం నీళ్ళు ట్రేలోకి తెస్తుంది. కేసు కేసుకూ మందు పలచబడుతుంది. డబ్బా మీద 14 రోజులు అని రాసి ఉన్నది గరిష్ఠ గడువు మాత్రమే, హామీ కాదు. రద్దీగా వాడే ట్రేల్లో 2.4 శాతం గ్లూటరాల్డిహైడ్ పది రోజులకే 1.5 శాతానికి, అంటే కనీస గాఢతకు పడిపోయినట్టు కొలిచి చూపించారు. ఓపీఏకు ఆ కనీసం 0.3 శాతం. అందుకే ఉదయం ఒకసారి కాదు, ప్రతి స్కోపుకు ముందు స్ట్రిప్ వెయ్యాలి. స్ట్రిప్ ఫెయిలైతే మూడో రోజైనా పారబోయాల్సిందే. స్ట్రిప్ బాగున్నా గడువు దాటితే పారబోయాల్సిందే. ధరల పట్టిక కూడా ఇక్కడే తేలుతుంది. లీటరు ధర రాయకండి. ఒక ట్రే పోసినప్పటి నుంచి పారబోసే దాకా ఎన్ని స్కోపులు శుద్ధి అయ్యాయో రిజిస్టరులో లెక్క పెట్టి, లిక్విడ్, స్ట్రిప్పులు, గ్లౌజులు, కడిగే నీళ్ళ ఖర్చు కలిపి ఆ సంఖ్యతో భాగించండి. ఒక్కో స్కోపుకు ఎంత పడిందో అదే అసలు ధర. డాక్టరు గారు ఆ పట్టిక చూస్తే వెంటనే అర్థం చేసుకుంటారు.


జవాబు
రాయలసీమ బయోమెడ్

మేడం గారు లిక్విడ్ గురించి అంతా చెప్పారు, నేను స్కోపు వైపు నుంచి చెప్తాను. అనంతపురం, కడప, కర్నూలు మూడు చోట్లా స్కోపుల సర్వీసుకు తిరుగుతుంటాను.

ఏ లిక్విడ్ కొన్నా ముందు మీ స్కోపు మోడల్‌కు తయారీదారు ఇచ్చిన పుస్తకంలో ఆ మందు పేరు ఉందో లేదో చూడండి. అందులో లేని మందు వాడితే బయటి రబ్బరు ఉబ్బుతుంది, అతుకులు విడిపోతాయి, లోపలికి నీళ్ళు దిగుతాయి. రిపేరు లక్షల్లో ఉంటుంది, వారంటీ కూడా పోతుంది. హైపోక్లోరైట్ అయితే మరీ ప్రమాదం. చవక అని దాంట్లో ముంచిన స్కోపుల లోహ భాగాలు తినేసి ఉండటం కళ్ళారా చూశాను.

లీక్ టెస్ట్ (స్కోపులోకి గాలి పంపి ఎక్కడైనా రంధ్రం ఉందా అని చూడటం) ప్రతిసారీ చేస్తున్నారా సిస్టర్? మీరు రాసిన వరసలో అది కనపడలేదు. ఎంజైమ్ ట్రేలో ముంచక ముందే చెయ్యాలి. చిన్న రంధ్రం ఉన్నా పేషెంటు రక్తం, మలం స్కోపు ఒంట్లోకి వెళ్ళి కూర్చుంటాయి, అక్కడికి ఏ మందూ చేరదు.

బోరు నీళ్ళ సంగతి. కర్నూలు టౌన్‌లో సుంకేశుల నుంచి వచ్చే తుంగభద్ర నీళ్ళు కొంత నయం, బోరు నీళ్ళలో సున్నం ఎక్కువ. ఛానల్ లోపల సున్నం పేరుకుంటే గరుకవుతుంది, మురికి దాన్ని పట్టుకుంటుంది. డిటర్జెంట్ కూడా సరిగ్గా పనిచెయ్యదు. కనీసం చివరి కడుగుడుకు ఆర్వో నీళ్ళను 0.2 మైక్రాన్ ఫిల్టర్ గుండా పంపి వాడండి. ఆర్వో అంటే స్టెరైల్ అని కాదు, ఆర్వో ట్యాంకులో సూడోమోనాస్ బాగా పెరుగుతుంది. అందుకే ఫిల్టరు, అందుకే ఫిల్టరు మార్చిన తేదీ రాసుకోవడం. ఓపీఏ తర్వాత ఒక కడుగుడు చాలదు. ప్రతిసారీ కొత్త నీళ్ళతో మూడుసార్లు, ఒక్కోటి కనీసం నిమిషం పాటు కడగాలని లేబుల్‌లోనే ఉంటుంది. గ్లూటరాల్డిహైడ్ మిగిలిపోతే కొలనోస్కోపీ తర్వాత కడుపునొప్పి, రక్తవిరేచనాలు వచ్చిన కేసులున్నాయి, అది మందు వల్ల వచ్చిన పెద్దపేగు వాపు.

ఆరబెట్టడం మీద మన వైపు అస్సలు శ్రద్ధ లేదు. పని అయిపోయిందని చుట్టి సూట్‌కేసులో పెట్టేస్తారు. తడి ఛానల్ సూట్‌కేసులో ఒక రాత్రి ఉంటే పొద్దునకు మీ లిక్విడ్ చేసిన మంచంతా పోతుంది. ఛానల్‌లోకి 70 శాతం ఆల్కహాల్ పంపి, ఫిల్టరు ఉన్న గాలిని కనీసం పది నిమిషాలు ఊది, వాల్వులు తీసి, నిటారుగా వేలాడదీయండి. సూట్‌కేసు రిపేరుకు పంపేటప్పుడు మాత్రమే.


జవాబు
కర్నూలు ఎండో సిస్టర్

సార్, లీక్ టెస్ట్ పొద్దున ఒకసారి చేస్తున్నాం. రేపటి నుంచి ప్రతి కేసుకూ చేస్తాం. మా స్కోపు పుస్తకంలో చూశాను, ఓపీఏ పేరు ఉంది.

మేడం, ఇంకొక్కటి. అంతా మీరు చెప్పినట్టే చేశామనుకోండి. అది నిజంగా పనిచేస్తోందని నాకు ఎలా తెలుస్తుంది? మొదట చేసిన కల్చర్ పనికిరాదన్నారు కదా.


జవాబు
కడప మైక్రోబయాలజీ

కల్చర్ పనికొస్తుంది సిస్టర్, లిక్విడ్‌ను కాదు, ఆరబెట్టిన స్కోపును పరీక్షిస్తే. రాత్రంతా వేలాడదీసిన స్కోపును పొద్దున వాడకముందు తీసుకోండి. ఛానల్‌లోకి స్టెరైల్ నీళ్ళు పంపి, కొత్త స్టెరైల్ బ్రష్ వేసి, మళ్ళీ నీళ్ళు పంపి, అదంతా స్టెరైల్ డబ్బాలో పట్టాలి. దానికి న్యూట్రలైజర్ కలిపి ల్యాబ్‌కు పంపాలి. ఈ పనికి ఇద్దరు కావాలి, ఒకరు స్కోపు పట్టుకుంటే ఒకరు డబ్బా పట్టుకోవాలి. ల్యాబ్‌కు ముందే ఫోన్ చేసి చెప్పండి, ఫిల్టరు పొర గుండా వడకట్టి పెంచమనండి.

రిపోర్టులో సంఖ్య కంటే పేరు చూడండి. ఈ.కోలై, క్లెబ్సియెల్లా, ఎంటరోకాకస్ లాంటి పేగు బ్యాక్టీరియా వస్తే బ్రష్ పనిలోనో, ముంచడంలోనో లోపం ఉంది. సూడోమోనాస్ వస్తే చివరి నీళ్ళో, ఆరబెట్టడమో. చర్మం మీద ఉండే స్టెఫైలోకాకస్ ఎపిడెర్మిడిస్ ఒకటి రెండు వస్తే శాంపిల్ తీసిన చేతులు కారణం కావచ్చు. మొదటి రెండు రకాల్లో ఒక్క కాలనీ వచ్చినా ఆ స్కోపును పక్కన పెట్టి, మళ్ళీ శుద్ధి చేసి, మళ్ళీ కల్చర్ బాగా వచ్చేదాకా పేషెంటుకు వాడకండి. డాక్టరు గారు ఒత్తిడి చేస్తే నా మాటగా చెప్పండి.

రోజువారీకి ఏటీపీ మీటరు (జీవ పదార్థం మిగిలిందా అని కొలిచే చిన్న పరికరం) ఉంటే మంచిది. బ్రష్ చేసి కడిగాక, లిక్విడ్‌లో ముంచక ముందు వాడాలి. క్రిములు చచ్చాయా అని చెప్పదు, మురికి పోయిందా అని నిమిషంలోపే చెబుతుంది. నూనె గిన్నెను తోమకుండా వేడినీళ్ళలో ముంచినట్టు ఉంటుంది తోమని స్కోపును ఓపీఏలో ముంచడం. పద్ధతిగా బ్రష్ వేస్తే ఒక్క కడుగుడులోనే పది వేలల్లో ఒకటి తప్ప మిగతావన్నీ పోతాయి. పైన చెప్పిన పది కోట్లు పది వేలకు దిగుతాయి. ఆ తర్వాత 6 లాగ్ మందు దగ్గరికి వస్తే ఇక ఏమీ మిగలదు. కడగడం వదిలేసి మందు మీద భారం వేస్తే అదే మందు చేతులెత్తేస్తుంది.

కడిగినా మొండికేసే స్కోపులు కూడా ఉన్నాయి. 2015లో అమెరికాలో లాస్ ఏంజెలెస్‌లోని యూసీఎల్‌ఏ ఆసుపత్రిలో ఈఆర్‌సీపీకి (పిత్తనాళాలు చూసే ఎండోస్కోపీకి) వాడే డ్యూయోడెనోస్కోపుల నుంచి కార్బపెనెమ్ అనే బలమైన యాంటీబయాటిక్‌కు లొంగని బ్యాక్టీరియా పేషెంట్లకు పాకింది. తయారీదారు చెప్పిన పద్ధతిలోనే కడిగారు, అయినా స్కోపు చివర ఉండే చిన్న ఎలివేటరు (పరికరాన్ని పైకి తిప్పే మీట) సందులో అది దాక్కుంది. మీ దగ్గర ఈఆర్‌సీపీ లేదు కాబట్టి ఆ బెంగ లేదు, రేపు మొదలుపెడితే మాత్రం ఈ పద్ధతి చాలదు, అప్పుడు మళ్ళీ అడగండి.


జవాబు
కర్నూలు ఎండో సిస్టర్

రాసిచ్చాను. ఆ గులాబీ లిక్విడ్ వద్దు, ఓపీఏ కావాలి, దానికి స్ట్రిప్పులు విడిగా కాకుండా లిక్విడ్‌తో పాటే ఆర్డరు పెట్టాలి, స్ట్రిప్పులు అయిపోతే ఆ రోజు కేసులు ఉండవు అని రాశాను. చివరి వాక్యం దగ్గర డాక్టరు గారు కాసేపు ఆగారు, తర్వాత సంతకం పెట్టారు. 0.2 మైక్రాన్ ఫిల్టరుకు, మూతలున్న ట్రేలకు, ట్రే వెనక గోడకు ఎగ్జాస్ట్ ఫ్యాన్‌కు ఒప్పుకున్నారు. ఏటీపీ మీటరు వచ్చే ఏడాది చూద్దామన్నారు. మూడో గ్యాస్ట్రోస్కోపు కొంటే పేషెంట్ల వెయిటింగ్ తగ్గుతుందని కూడా రాశాను, టైము తగ్గించడానికి మందును తొందరపెట్టకూడదని నాకు బాగా అర్థమైంది కాబట్టి. దానికి ఇంకా ఏమీ అనలేదు.

సిస్టోస్కోపును ఆయన సొంత ఏర్పాటులో చేసుకుంటానని యూరాలజీ సార్ ఒప్పుకున్నారు. ఆయమ్మను వార్డు వైపు మార్పించాను, సోమవారం ఛాతీ డాక్టరు దగ్గరికి నేనే తీసుకెళ్తున్నాను.

స్ట్రిప్ రిజిస్టరు ఎలా గీసుకోవాలో ఎవరైనా చెప్పండి.


జవాబు
అనంతపురం స్కోప్ టెక్నీషియన్

సిస్టర్, మా రిజిస్టరులో ఎడమ నుంచి ఇలా ఉంటుంది: తేదీ, స్కోపు నంబరు, పేషెంటు ఓపీ నంబరు, లీక్ టెస్ట్, లిక్విడ్ ఉష్ణోగ్రత, స్ట్రిప్ పాసా ఫెయిలా, ముంచిన టైము, తీసిన టైము, చేసినవాళ్ళ సంతకం. పేజీ పైన ట్రే పోసిన తేదీ, పారబోయాల్సిన తేదీ, డబ్బా బ్యాచ్ నంబరు, డబ్బా మూత తీసిన తేదీ రాస్తాం. స్ట్రిప్ సీసా మీద కూడా తెరిచిన తేదీ రాయండి, దానికీ గడువు ఉంటుంది. రంగు చూడాల్సిన టైము సీసా మీద ఉన్నంతే, ముందూ కాదు తర్వాతా కాదు. గడియారం సెకన్ల ముల్లు ఉన్నది సింకు ఎదురుగా పెట్టించుకోండి.

పేషెంటు నంబరు గడి మాత్రం వదలకండి. రేపు ఏ స్కోపులోనైనా కల్చర్ తేడాగా వస్తే, ఆ స్కోపు ఎవరెవరికి వాడామో వెంటనే వెతికి వాళ్ళకు ఫోన్ చెయ్యడానికి ఆ గడి ఒక్కటే ఆధారం.